జెంగ్ హె వాలిద్ కబర్ మీది రాయి

మొన్న ఒక వలీమాలో మా చాచా ఒకాయన దస్తర్‌ఖాన్ దగ్గర ఫోన్ తీసి బొమ్మ చూపించారు. కొలంబస్ ఓడ, దాని పక్కన నాలుగైదింతలున్న చైనా జహాజు. "చూడు బేటా, దీని అమీర్-ఉల్-బహర్ మన ముసల్మానే!" అన్నారు ఫఖ్రుగా. మాట నిజమే. కానీ ఆ జహాజులు ఆయన చేతికి ఎలా వచ్చాయో ఆ మెసేజ్‌లో లేదు. బిర్యానీ ముందు పెట్టుకుని చెప్పే కిస్సా కాదు కాబట్టి నేనూ ఊరుకున్నాను. ఇక్కడ చెబుతాను.

చైనాలో మనవాళ్లు మొదట మెహమాన్లు. తాంగ్ బాద్షాల కాలంలో అరబ్, ఇరానీ తాజిర్లు గ్వాంగ్‌జౌ రేవులో దిగేవారు. వాళ్ల తగాదాలు తీర్చడానికి, ఈద్ నమాజు చదివించడానికి చైనా బాద్షా ఒక ముసల్మాన్‌నే నియమించాడని 851 నాటి అరబీ కితాబు చెబుతుంది. ఆ తర్వాత ముప్పై ఏళ్లు తిరక్కుండానే హువాంగ్ చావో అనే బాగీ అదే షహర్‌లో పరదేశీలను వేలాదిగా నరికించాడు.

మంగోలుల యువాన్ సల్తనత్‌లో మెహమాన్లు హాకిములయ్యారు. మంగోలుల తర్వాతి దర్జా 'సెము'లది, అంటే మధ్య ఆసియా, ఇరాన్‌ల నుంచి వచ్చినవాళ్లది. చైనీయులది ఆ కిందే. బుఖారా ఖాందాన్‌కు చెందిన సయ్యద్ అజల్ షమ్సుద్దీన్ ఉమర్ 1274లో యున్నాన్ సూబాకు హాకిం అయ్యాడు. మస్జిదులతో పాటు కన్ఫ్యూషియస్ మందిరమూ కట్టించిన మంచి హాకిం. కానీ పరాయి హుకూమత్ ఇచ్చిన ఇజ్జత్‌కు ఆ తర్వాతి నస్ల్‌లు హిసాబు చెప్పుకోవాల్సి వచ్చింది.

1368లో మింగ్ ఖాందాన్ తఖ్తెక్కింది. మంగోలులు, సెములు తమలో తాము నికాహ్ చేసుకోకూడదని, చైనీయులనే చేసుకోవాలని కానూన్ వచ్చింది. తప్పితే 80 దెబ్బలు, ఆపైన సర్కారీ గులామీ. ఖౌమ్‌ను కరిగించెయ్యాలన్నది బాద్షా నియ్యత్. జరిగింది వేరు. అమ్మ జబాన్ చైనీస్, అబ్బా నేర్పిన కలిమా అరబీ, ఇలాంటి ఇళ్లు తయారయ్యాయి. నేటి హుయీ ముసల్మాన్లలో చాలామంది ఆ ఇళ్ల ఔలాదే.

మింగ్ ఫౌజ్ 1381లో యున్నాన్ మీద పడింది. కున్‌యాంగ్ ఊళ్లో మా హె అనే పదేళ్ల పిల్లవాడు ఉండేవాడు. సయ్యద్ అజల్ వంశమని చెబుతారు. దాదా హాజీ, వాలిద్ హాజీ. మరుసటి ఏడే వాలిద్ 39 ఏళ్లకు ఇంతెఖాల్ అయ్యాడు. కొడుకును ఫౌజ్ పట్టుకుపోయి, కోతపెట్టి, ఖ్వాజాసరాగా మార్చి షహజాదా ఝూ దికి ఖిద్మత్‌గా ఇచ్చింది. ఆ షహజాదా 1402లో అన్న కొడుకు తఖ్తు లాక్కుని యాంగ్లే బాద్షా అయ్యాడు. 1404లో ఇనామ్‌గా ఆ ఖ్వాజాసరాకు కొత్త ఇంటిపేరు పెట్టాడు: జెంగ్. చైనా ముసల్మాన్లు ముహమ్మద్ పేరు నుంచి వచ్చిందని చెప్పుకునే 'మా' అలా పోయింది.

1405 నుంచి 1433 దాకా ఏడు సఫర్లు. మొదటి దాంట్లోనే 27 వేలకు పైగా మనుషులు, గమ్యం కాలికట్. ప్రజలు సొంతంగా సముద్ర తిజారత్ చేస్తే మింగ్ కానూన్‌లో నేరం. రాజులు ఎల్చీలతో నజరానా పంపాలి, బాద్షా బదులుగా తోహ్ఫాలిస్తాడు, అదీ పద్ధతి. శ్రీలంకలోని గాలెలో 1911లో దొరికిన రాయి మీద 1409 నాటి కత్బా మూడు జబాన్లలో ఉంది. చైనీస్‌లో బుద్ధుడికి, తమిళంలో విష్ణువుకి, ఫార్సీలో అల్లాహ్ పేరున కానుకలు. ఎంత అదబు! అయితే జహాజుల్లో ఫౌజ్ కూడా ఉంది. లంకలో లడాయి జరిగి, 1411లో అక్కడి రాజును ఖైదీగా చైనా దర్బారుకు తీసుకెళ్లారు. ఫోన్లు ఈ సంగతీ చెప్పవు.

జెంగ్ హె దేవతల గుళ్లలో అగరొత్తులు వెలిగించాడు కదా, ముసల్మాన్ ఎలా అవుతాడని అడిగేవాళ్లున్నారు. బాద్షా ఖ్వాజాసరాకు ఎంత ఇఖ్తియార్ ఉంటుందో వాళ్లు ఆలోచించరు. నా మటుకు నాకు కున్‌యాంగ్ కొండ మీది రాయి చాలు. 1405లో సఫర్‌కు ముందు వాలిద్ కబర్ కోసం ఒక పెద్ద ఆలిమ్-అధికారితో కత్బా రాయించాడు. అందులో తండ్రి పేరు 'హాజీ' అనే ఉంది. అదే రాయి వెనక వైపు చిన్న అక్షరాల్లో కొన్ని పంక్తులున్నాయి: 1411 చలికాలంలో, బాద్షా ఇజాజత్‌తో, కొడుకు వచ్చి కబర్లు శుభ్రం చేశాడని, కొన్ని రోజులుండి తిరిగి వెళ్లాడని.