ఒకటో తారీఖు పింఛను: ముసలితనం, ధరలు, నష్టభయం

పింఛన్ల భారంపై మన చర్చ వృద్ధుల సంఖ్య దగ్గర మొదలై అక్కడే ఆగిపోతోంది. లెక్క నిజమే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి పుట్టే పిల్లల సగటు 1992-93లో 2.6, 2019-21 నాటికి 1.7. అయితే ముసలితనం చెప్పాపెట్టకుండా ఊడిపడేది కాదు. 2045లో అరవై నిండేవాళ్లకు ఇప్పటికే నలభై వచ్చాయి. ముందే తెలిసిన ఖర్చుకు ముందే కూడబెట్టుకోవచ్చు. చెప్పకుండా వచ్చేవి ధరలు, వడ్డీరేట్లు, మార్కెట్లు. ఏ పింఛను పథకాన్నైనా ఆ నష్టభయం ఎవరి నెత్తిన పెట్టిందో చూసి తూచాలన్నది ఈ వ్యాసం వాదన.

పాత పింఛనులో ఆ భయమంతా ఖజానాదే. కేంద్రంలో 2004 జనవరి 1 నుంచి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సెప్టెంబరు 1 నుంచి చేరిన కొత్త ఉద్యోగుల విషయంలో, జీతంలోంచి కోసి మదుపు చేసే పథకం (రాష్ట్రంలో సీపీఎస్) వచ్చి అది ఉద్యోగి మీదికి మారింది. ‘సీపీఎస్ రద్దు’ సభల్లో షేర్ మార్కెట్ మాట ఎక్కువగా వినిపిస్తుంది కానీ, అంతకంటే లోతైన దెబ్బ పదవీ విరమణ నాడు తగులుతుంది. కూడిన సొమ్ములో కనీసం 40 శాతంతో యాన్యుటీ, అంటే నెలనెలా పింఛనిచ్చే పాలసీ, కొనాలి. ఆనాటి వడ్డీరేటే బతికినన్నాళ్ల పింఛనును తేల్చేస్తుంది. వడ్డీరేట్లకు దారి చూపే రిజర్వ్ బ్యాంకు రెపో రేటు 2020 మే నెలలో 4 శాతం, 2023లో 6.5 శాతం. సమానంగా దాచుకున్న ఇద్దరికి, రిటైరైన ఏడాదిని బట్టి పింఛను వేరవుతుంది. పైగా మామూలు యాన్యుటీ ధరలతోపాటు పెరగదు. ఉద్యోగులకు సంఘాలున్నాయి, పోరాడారు. 2023లో ఆంధ్రప్రదేశ్ హామీ పింఛను (జీపీఎస్) చట్టం చేసింది. 2025 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం ఏకీకృత పింఛను పథకం (యూపీఎస్) తెచ్చింది: పాతికేళ్ల సర్వీసుంటే చివరి పన్నెండు నెలల సగటు మూలవేతనంలో సగం, దానిపై కరువు భృతి.

సంఘం లేనివాళ్ల సంగతి వేరు. ఆంధ్రప్రదేశ్ పల్లెలో ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయం ఉద్యోగి ఒక ముసలి కూలీ గుమ్మం ముందు వేలిముద్రల మెషిన్ పట్టుకుని నిలబడతాడు. కలుపు తీసితీసి గీతలరిగిన బొటనవేలు. ‘మళ్లీ పెట్టమ్మా’ అంటాడు. ఆమె వేలిని కొంగుతో తుడిచి మూడోసారి పెడితే గానీ పడదు. చేతికి ఎనిమిది ఐదువందల నోట్లు వస్తాయి. అందులో, ఆమె దారిద్ర్యరేఖకు దిగువన కేంద్రం జాబితాలో ఉంటే, కేంద్రం వాటా ఒక్క నోటులో సగం కూడా కాదు: 200 రూపాయలు. ఎనభై దాటితే 500. ఆ రెండు వందలు 2006-07 నాటివి. ధరలు ఏటా ఆరు శాతం చొప్పున పెరిగితే పన్నెండేళ్లకే రూపాయి విలువ సగమైపోతుంది.

మిగతాది రాష్ట్రం ఇస్తుంది. మొత్తం పింఛను 2014లో వెయ్యి, 2019 జనవరిలో రెండు వేలు, 2024 జులైలో నాలుగు వేలు. ఈ పెద్ద పెంపులు మూడూ ఎన్నికల ఏళ్లలోనివే. తెలంగాణలో 2019లో 2,016 రూపాయలైన వృద్ధాప్య పింఛను 2023 ఎన్నికల దాకా కదల్లేదు. పెరిగినందుకు సంతోషమే, ఆ డబ్బుతో మందులు కొనుక్కుంటున్నవాళ్లను నేను చూశాను. కానీ కందిపప్పు ధర ఎన్నికల దాకా ఆగదు. ఉద్యోగికి ధరల సూచీ ఉన్నచోట ఈమెకు ఓట్ల క్యాలెండరుంది. నష్టభయం మోయలేని భుజమ్మీదే అది పడుతోంది.

రాష్ట్రం ఒక్కటే దీన్ని మోయడమూ కష్టమే. తల్లి పల్లెలో, కొడుకు బెంగళూరులో. అతను అక్కడ పెట్టే ఖర్చు మీద రాష్ట్ర జీఎస్టీ కర్ణాటకకు చేరుతుంది. తల్లి పింఛను ఆంధ్ర ఖజానా నుంచి పోతుంది. ఆంధ్రలో పిల్లల సగటు 1.7 అయితే, అదే 2019-21 సర్వేలో బిహార్ సగటు 3.0. పడుచు రాష్ట్రాలనూ ముదురు రాష్ట్రాలనూ కలిపి నష్టభయాన్ని పంచగలిగేది కేంద్రమే. వ్యవసాయ కూలీల ధరల సూచీని లేబర్ బ్యూరో నెలనెలా ప్రకటిస్తూనే ఉంది. ముందు ఆ రెండు వందలను నేటి ధరలకు సరిచేసి, ఆపై ఏడాదికి రెండుసార్లు ఉద్యోగుల కరువు భృతిని సవరించినట్టే దీన్నీ ఆ సూచీకి కట్టి సవరించవచ్చు. అందుకు కొత్త యంత్రాంగమేదీ అక్కర్లేదు.