ఆకాశపాఠం, ఆదివారం తరగతి

సైట్ ప్రయోగం గురించి చదువుతున్నప్పుడు నన్ను పట్టి నిలిపింది ఒక చిన్న లెక్క. ఉదయపు ప్రసారం మొత్తం గంటన్నర. దాన్ని హిందీ, కన్నడం, ఒరియా, తెలుగు అని నాలుగు భాషలకు సమానంగా పంచారు. అంటే మన తెలుగు బడిపిల్లల వంతుకు వచ్చినది రోజుకు 22.5 నిమిషాలు. అమెరికావాడి ఉపగ్రహాన్ని అరువు తెచ్చుకొని, ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్ళను ఎంచుకొని, ఊరికో టీవీ పెట్టి చేసిన మహాయజ్ఞంలో ఒక పిల్లవాడి దోసిట్లో పడిన ప్రసాదం అంత. అది కొంచెమని నేను అనడం లేదు. ఆ కాసేపట్లో ఏం చేయవచ్చు, ఏం చేయలేము అన్న ప్రశ్న నుంచే దూరవిద్య చరిత్రలో చాలా భాగం పుట్టిందని నా అభిప్రాయం.

సంగతి తెలియనివారి కోసం కొంచెం పూర్వకథ. 1969లో విక్రమ్ సారాభాయ్ చొరవతో మన అణుశక్తి శాఖకూ నాసాకూ ఒక ఒప్పందం కుదిరింది. నాసా తన ఉపగ్రహాన్ని ఏడాదిపాటు మనకు వాడుకోనిస్తుంది. నేల మీది పరికరాలూ కార్యక్రమాలూ మనవి. సారాభాయ్ 1971 డిసెంబరులో కన్నుమూశారు, ఈ ముచ్చట చూడలేదు. ఆ ఉపగ్రహం, ఏటీఎస్-6, 1974 మేలో పైకి వెళ్ళింది. తర్వాత మన వైపు చూసేలా తూర్పు ఆఫ్రికా మీదికి జరిపారు. 1975 ఆగస్టు 1న ప్రసారాలు మొదలై, సరిగ్గా ఏడాదికి, 1976 జూలై 31న ఆగిపోయాయి. శాటిలైట్ ఇన్‌స్ట్రక్షనల్ టెలివిజన్ ఎక్స్‌పెరిమెంట్ అన్నది పూర్తి పేరు. దాని పొడి అక్షరాలే సైట్.

ఈ ప్రయోగంలో నాకు అన్నిటికన్నా నచ్చినది కోళ్ళ గూటి జాలి. ఉపగ్రహంలో ముప్పై అడుగుల గొడుగు లాంటి యాంటెన్నా ఉండేది. ఆకాశంలోకి వెళ్ళాక విచ్చుకునేది. పైన అంత పెద్ద గొడుగు ఉన్నందువల్ల కింద ఊళ్ళో ఖరీదైన యంత్రం అక్కరలేకపోయింది. మూడు మీటర్ల వెడల్పున ఇనుపజాలితో అల్లిన పళ్ళెం, దాని కింద సంకేతాన్ని మార్చే చిన్న పెట్టె, ఒక నలుపు తెలుపు టీవీ. అంతే. టీవీలు మన హైదరాబాదు ఈసీఐఎల్‌లో తయారయ్యాయి. కరెంటు లేని కొన్ని ఊళ్ళలో బ్యాటరీలతో నడిపారు. ఒకే బొమ్మతోపాటు రెండు భాషల ధ్వనిని పంపగలిగే ఏర్పాటు కూడా ఉపగ్రహంలో ఉండేది. చూసేది ఒకటే, వినేది ఎవరి భాష వారిది. బహుభాషల దేశానికి పాఠం చెప్పాలంటే ఎక్కడ వంగాలో ఆ ఇంజనీర్లకు తెలుసు.

ఇక్కడొక చిన్న పిడకలవేట. హైదరాబాదు నగరవాసులకు దూరదర్శన్ 1977లో గానీ రాలేదు. తెలుగు కార్యక్రమాలు హైదరాబాదులోనే తయారయ్యేవి, కానీ చూసేవారు మాత్రం మారుమూల ఊళ్ళవారు. వెనుకబడిన ప్రాంతాల్లో ఎంచి మరీ పెట్టడం వల్ల ఇలా జరిగింది. ఏ కొత్త వస్తువైనా పట్నంలో పాతబడ్డాక పల్లెకు చేరడమే మనకు అలవాటు. ఆ ఒక్క ఏడాది మాత్రం వరస తిరగబడింది. మన సాంకేతిక చరిత్రలో ఇలాంటి సందర్భం ఇంకొకటి నాకు తట్టడం లేదు.

ఇక బడి సంగతి. ఆనాటి పల్లెబడి ఎలా ఉండేదో మనలో చాలామందికి తెలుసు: ఒకటో రెండో గదులు, ఒకరో ఇద్దరో పంతుళ్ళు, అయిదు తరగతులు. పొద్దుటి కార్యక్రమం అయిదు నుంచి పన్నెండేళ్ళ పిల్లలందరికీ ఉద్దేశించినది. ఓనమాలు దిద్దేవాడూ భిన్నాలు చేసేవాడూ ఒకే తెర ముందు కూర్చోవాలి. అర్థం కాలేదంటే ఆపడానికి లేదు, వెనక్కి తిప్పడానికి లేదు. ఆ పూట వాన వచ్చినా, పంతులుగారు రాకపోయినా, టీవీ మొరాయించినా పాఠం పోయినట్టే. పాఠం చెప్పేవారికి తన ముందు ఎవరు కూర్చున్నారో తెలియదు. నల్లబల్ల ముందు నిలబడ్డ ఎంత చెడ్డ పంతులైనా పిల్లవాడి ముఖం చూసి ఒకసారి మళ్ళీ చెబుతాడు. ఉపగ్రహానికి ఆ వీలు లేదు.

రూపకర్తలు ఈ సంగతి గ్రహించకపోలేదు. అందుకే పాఠ్యపుస్తకాన్ని తెర మీద వల్లించే పని పెట్టుకోలేదు. చుట్టుపక్కల దొరికే వస్తువులతో చేసి చూసుకునే విజ్ఞానం, ఆటలు, కథలు, బడి అంటే ఆసక్తి కలిగించే విషయాలు ఎంచుకున్నారు. తర్వాత చేసిన మూల్యాంకనాల్లో పిల్లల భాష మెరుగుపడిందనీ, తెలుసుకోవాలన్న కుతూహలం పెరిగిందనీ తేలింది. కానీ బడిలో చేరేవారి సంఖ్య మీద, మధ్యలో మానేసేవారి సంఖ్య మీద చెప్పుకోదగ్గ ప్రభావం కనబడలేదు. ఇది ఊహించదగినదే. పశువుల వెంట వెళ్ళవలసిన పిల్లవాడికి టీవీ ఉన్నా గంట గంటే, గేదె గేదే. బడి వేళ మారలేదు కదా!

సాయంత్రపు ప్రసారాల కథ ఇంకా ఆసక్తికరం. రెండున్నర గంటల పాటు పెద్దల కోసం వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, కాస్త వినోదం, అందులో అరగంట అందరికీ ఉమ్మడిగా హిందీలో. మొదట్లో ఊరంతా విరగబడి వచ్చి, కొత్త మోజు తీరాక పలచబడ్డారు. ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ వంటి విషయాల్లో ఎక్కువగా లాభపడినవారు చదువురానివారూ, స్త్రీలూ అని మూల్యాంకనం చెప్పింది. వ్యవసాయంలో మాత్రం అంత ఫలితం కనిపించలేదు. రైతు దగ్గర ముందే తెలివి ఉంది, తన పొలం తనకు తెలుసు. తెర మీది సలహా ఆరు రాష్ట్రాల నేలలకూ సరిపోదు. ఆడవారికి ఆ విషయాలు అంతవరకూ ఎవరూ చెప్పి ఉండలేదు. రాజకీయ చైతన్యం కూడా పెరిగిందని ఆ నివేదికల మాట. ఆ ఏడాది అంతా దేశంలో అత్యవసర పరిస్థితి నడుస్తున్నదని గుర్తు పెట్టుకొని ఆ వాక్యాన్ని చదువుకోవాలి.

నన్నడిగితే సైట్‌లో అన్నిటికన్నా సఫలమైన పని పిల్లలకు చెప్పిన పాఠం కాదు, పంతుళ్ళకు చెప్పిన పాఠం. విజ్ఞానశాస్త్రం ఎలా బోధించాలో నేర్పడానికి పన్నెండు రోజుల శిక్షణ పెట్టారు. 1975 అక్టోబరులో ఒక విడత, మరుసటి ఏడు మరొకటి. రెండింటిలో కలిపి దాదాపు యాభై వేలమంది ప్రాథమిక ఉపాధ్యాయులు శిక్షణ పొందారు. టీవీ ఉన్న ఊరికి చుట్టుపక్కల పంతుళ్ళు వచ్చి చేరేవారు. తెర మీద కొంత, రేడియోలో కొంత, అచ్చుకాగితాల్లో కొంత, చేతులతో చేసేది కొంత, పక్కనున్న తోటి పంతులుతో వాదించేది కొంత. ఒక్క యంత్రాన్నే నమ్ముకోకుండా, దాని చుట్టూ మనుషులను కూర్చోబెట్టారు. తెర చెప్పలేకపోయినది పక్కవాడు చెప్పాడు. ఈ మిశ్రమం గురించి చెప్పుకున్నది తక్కువ, ఉపగ్రహం గురించి చెప్పుకున్నది ఎక్కువ.

ఏడాది ముగిసింది. ఒప్పందం ప్రకారం ఏటీఎస్-6 వెనక్కి వెళ్ళిపోయింది. నేల మీద ప్రసార కేంద్రాలు పెట్టి 1977 నుంచి కొన్ని ఊళ్ళకు ప్రసారాలు కొనసాగించారు. మిగతా ఊళ్ళలో జాలి పళ్ళేలు ఆకాశంలోకి చూస్తూ ఉండిపోయాయి. మన సొంత ఇన్సాట్-1బి 1983లో గానీ పనిలోకి రాలేదు.

ఈ మధ్యకాలంలోనే, 1982 ఆగస్టు 26న, హైదరాబాదులో ఏ ఉపగ్రహమూ లేకుండా మరో ప్రయోగం మొదలయింది. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దేశంలో ఆ తరహా వాటిలో మొట్టమొదటిది. ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం మూడేళ్ళ తర్వాత, 1985లో వచ్చింది; దానికి తొలి ఉపకులపతిగా వెళ్ళినవారు కూడా మన దగ్గర తొలి ఉపకులపతిగా పనిచేసిన ఆచార్య జి. రాంరెడ్డిగారే. ఆయన రాజనీతిశాస్త్రజ్ఞులు, పంచాయతీరాజ్ వ్యవస్థ మీద పరిశోధన చేసినవారు, అంతకు ముందు ఉస్మానియా ఉపకులపతి. ఊరి స్థాయిలో అధికారం ఎవరి చేతుల్లో ఉంటుందో చదివిన మనిషి, చదువు ఎవరి చేతుల్లో ఉన్నదని అడగడంలో ఆశ్చర్యం లేదు. 1991లో ఆ విశ్వవిద్యాలయానికి డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు.

బ్రిటన్‌లో 1971లో బోధన మొదలుపెట్టిన ఓపెన్ యూనివర్సిటీ దీనికి నమూనా. కానీ వాళ్ళు 'ఓపెన్' అన్నదాన్ని మనవారు 'తెరిచిన' అనలేదు, 'సార్వత్రిక' అన్నారు. ఎన్నికలకు వాడే మాట ఇది. ఓటుకు వయసు తప్ప మరే అర్హతా అడగనట్టే, చదువుకూ అడగకూడదన్న భావం ఆ అనువాదంలో ఉన్నట్టు నాకు తోస్తుంది. ఈ పేరు పెట్టినవారి మనసులో ఏమున్నా, మాట మాత్రం మూలం కంటే ఒక అడుగు ముందుకు వేసింది.

అప్పటికి మనకు కరస్పాండెన్స్ కోర్సులు కొత్త కాదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో 1972 నుంచే ఉన్నాయి. వాటిలో పాఠం పోస్టులో వచ్చేది గానీ గేటు మాత్రం పాతదే: ఇంటర్మీడియెట్ పత్రం ఉంటేనే డిగ్రీ. సార్వత్రిక విశ్వవిద్యాలయం ఆ గేటు తీసేసింది. పద్దెనిమిదేళ్ళు నిండినవారు ఒక అర్హత పరీక్ష రాసి నెగ్గితే సరిపోయేది, ముందు ఏం చదివారని అడిగేవారు కాదు. పాఠాలు తెలుగులో, ఎవరికి వారు చదువుకోగలిగే తీరులో రాయించారు. మామూలు కళాశాలల్లోనే అధ్యయన కేంద్రాలు పెట్టి ఆదివారాలు తరగతులు నడిపారు. ఆకాశవాణిలో పాఠాలు వచ్చేవి, దూరదర్శన్‌లో ఆ తర్వాత. యంత్రం ఉంది, కానీ మూలన ఉంది. ముందు వంచినవి మూడు: వయసు, వారం, భాష. (ఆ పుస్తకాలను డిగ్రీకి చదివినవారితో పాటు గ్రూప్స్ పరీక్షలకు చదివేవారూ కొనుక్కొని అరగదీశారు. నా అలమారలో ఇప్పటికీ రెండున్నాయి, ఒకదానికి అట్ట లేదు.)

మా మేనత్త ఈ దారిన డిగ్రీ చేసింది. ఏడో తరగతితో బడి ఆగిపోయి, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక నల్లగొండలో ఆదివారం తరగతులకు వెళ్ళేది. ఆ రోజు వంట మామయ్యది. ఆ పప్పు రుచి గురించి మా ఇంట్లో ఇంకా చెప్పుకుంటారు. "వాళ్ళడిగిన సర్టిఫికెట్టు వయసొక్కటేరా, అది నా దగ్గర కావలసినంత ఉన్నది" అనేది నాతో. రేడియో పాఠాలు విన్నావా అత్తా అని అడిగితే, ఆ వేళకు పాలు పితకాలి అన్నది. కానీ ఆదివారం తరగతిలో పక్కన కూర్చున్న కండక్టరు ఒకాయన విని రాసుకొని వచ్చేవాడట, ఆయన పుస్తకం చూసి రాసుకునేది. పాఠం ఆమెకు అలా చేరింది.

గేటు తీసేయడం అందరికీ నచ్చలేదు. పునాది లేకుండా పట్టా ఏమిటన్న విమర్శ మొదటినుంచీ ఉంది. 2009లో అన్నామలై విశ్వవిద్యాలయం కేసులో సుప్రీంకోర్టు, మొదటి డిగ్రీ లేకుండా సార్వత్రిక పద్ధతిలో నేరుగా పొందిన పీజీ పట్టా చెల్లదని తీర్పు చెప్పింది. అది పీజీ సంగతి, దాని న్యాయం దానికుంది. కానీ అర్హత పరీక్ష రాసి, మూడేళ్ళు చదివి, అందరితోపాటు పరీక్షలు నెగ్గినవారిని కూడా అదే చూపుతో చూడడం నాకు మింగుడు పడదు. పునాది ఉన్నదా లేదా అని చూడడానికే కదా ఆ మూడేళ్ళ పరీక్షలు! తెరలూ ఉపగ్రహాలూ ఎన్ని కొనమన్నా మన వ్యవస్థ కాదనదు. ఒక్క అర్హత నిబంధన సడలించమంటే మాత్రం చెయ్యి వణుకుతుంది.

ఇదంతా తవ్వుకోవడానికి కారణం 2020. కరోనాతో బడులు మూతపడ్డప్పుడు, తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలోనూ, టీ-శాట్‌లోనూ బడి పాఠాలు వేశారు. ఉమ్మడి రాష్ట్రంలో 'మన టీవీ'గా మొదలైన ఉపగ్రహ ప్రసారమే టీ-శాట్. నలభై అయిదేళ్ళ తర్వాత మళ్ళీ ఆకాశపాఠమే, కానీ ఈసారి తరగతికి వేరే, సబ్జెక్టుకు వేరే వేళలు. యూట్యూబులో వెనక్కి తిప్పుకొని చూడవచ్చు. 1975లో లేని సౌకర్యాలివి. అయితే అప్పుడు ఊరికి ఒకే టీవీ కనుక పిల్లలంతా ఒకచోట కూర్చున్నారు, పక్కన పంతులుగారున్నారు. ఇప్పుడు ఇంటికొకటి ఉన్నదన్న లెక్క మీద ఎవరింట్లో వాళ్ళను కూర్చోబెట్టారు. టీవీ లేని పిల్లలను తోటివారి ఇళ్ళకో, గ్రామపంచాయతీ కార్యాలయానికో జత చేయవలసి వచ్చింది. ఫోను ఉన్న ఇంట్లో అది నాన్నతో పొలానికి పోతుంది.

మా బంధువుల్లో ఒక ఉపాధ్యాయురాలు ఆ రోజుల్లో ఒక చేతిపుస్తకం పెట్టుకున్నది. ఏ పిల్లవాడింట్లో టీవీ ఉంది, ఎవరి ఫోను ఏ వేళకు ఇంట్లో ఉంటుంది, ఎవరు ఎవరింటికి వెళ్ళి చూడగలరు, ఎవరిని ఎవరూ ఇంట్లోకి రానివ్వరు, ఇవన్నీ పేరుపేరునా రాసుకున్నది. సాయంత్రం ఆ పుస్తకం పట్టుకొని, మూతికి గుడ్డ కట్టుకొని, అరుగుల మీద కూర్చొని పొద్దుటి పాఠం ఎంతవరకు అర్థమైందో అడిగేది. ఆ పుస్తకం చివరి పేజీల్లో, ఎర్ర సిరాతో, పదకొండు పేర్లున్నాయి. ఆ ఏడు పత్తి ఏరడానికి వెళ్ళినవాళ్ళట. బడి తెరిచాక అందులో ఎందరు తిరిగి వచ్చారని అడిగాను. ఏడుగురు అన్నది. మిగిలిన నలుగురి పేర్లూ చూడకుండానే చెప్పింది.