ఏడీహెచ్‌డీకి జన్యు సవరణ చికిత్స

ఏకాగ్రత నిలవకపోవడం, అతి చురుకుదనం, ఆలోచించకుండా తొందరపడటం ప్రధాన లక్షణాలుగా ఉండే ఏడీహెచ్‌డీని జన్యు సవరణతో తగ్గించవచ్చునా అన్నది ఇంకా పరిశోధన స్థాయి దాటని ప్రశ్న. దీనికి ఆమోదం పొందిన జన్యు చికిత్స ఏ దేశంలోనూ లేదు.

ఈ స్థితిని మొదట వర్ణించిందెవరో తేలలేదు. జర్మన్ వైద్యుడు వైకార్డ్ పుస్తకం (1775, 1770 అనేవారూ ఉన్నారు), స్కాట్లాండ్ వైద్యుడు క్రైటన్ రచన (1798), లండన్‌లో జార్జ్ స్టిల్ ప్రసంగాలు (1902) పోటీలో ఉన్నాయి. నేటి లక్షణాలకు క్రైటన్ వర్ణనే ఎక్కువ దగ్గర. మందుల చరిత్ర మాత్రం 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ పిల్లలకు బెంజెడ్రిన్ అనే ఉత్తేజక మందు ఇవ్వడంతో మొదలైందని దాదాపు అందరూ ఒప్పుకుంటారు.

జన్యు ఆధారం

కవలలపై జరిగిన 37 అధ్యయనాలను కలిపి చూసిన ఫారవోన్, లార్సన్ (2019) వంశపారంపర్యతను 74 శాతంగా లెక్కగట్టారు. ఒక పిల్లవాడి ఇబ్బందిలో 74 శాతం జన్యువులదని దీనికి అర్థం కాదు. జనాభాలో మనిషికీ మనిషికీ కనిపించే తేడాలకు సంబంధించిన లెక్క ఇది. 1990లలో మెదడు రసాయనం డోపమైన్‌కు సంబంధించిన జన్యువులైన డీఆర్‌డీ4, డాట్1 మీద పెట్టుకున్న ఆశలను తర్వాతి పెద్ద అధ్యయనాలు నిలబెట్టలేదు. డెన్మార్క్ శాస్త్రవేత్త డిమోంటిస్ బృందం 2019లో 12 జన్యు స్థానాలను గుర్తించింది. 2023లో 38,691 మంది బాధితుల సమాచారంతో ఆ సంఖ్య 27కు చేరింది. సాధారణంగా కనిపించే మార్పుల ప్రభావంలో 90 శాతాన్ని వివరించడానికి సుమారు 7,300 మార్పులు కావాలని ఆ 2023 పరిశోధన పత్రం అంచనా. వాటిలో 84 నుంచి 98 శాతం ఇతర మానసిక రుగ్మతలతో ఉమ్మడివి. అసలు చిక్కు ఇదే. ఇన్ని వేల చోట్ల కత్తెర వేయలేం. వేయగలిగినా, ఒకచోట దిద్దితే మరోచోట ఏం మారుతుందో చెప్పలేం.

సవరణ ఎక్కడ ఫలించింది

2012లో వెలుగులోకి వచ్చిన క్రిస్పర్ అనే జన్యు సవరణ విధానం, 2023 చివర్లో బ్రిటన్, అమెరికాల ఆమోదం పొందిన సికిల్ సెల్ చికిత్సగా ఎదిగింది. అందులో రక్త మూలకణాలను ఒంట్లోంచి తీసి, ఒకే చోట సవరించి, తిరిగి ఎక్కిస్తారు. 2025లో కిరణ్ ముసునూరు, రెబెక్కా ఆరెన్స్‌నిక్లస్‌ల బృందం ఫిలడెల్ఫియాలో ఒక పసివాడి కాలేయ లోపానికి అతనొక్కడి కోసమే తయారుచేసిన సవరణతో చికిత్స చేసింది. మెదడు విషయం వేరు. కణాలను బయటికి తీయలేం. రక్తం నుంచి మందు అంత సులువుగా లోపలికి చేరదు. పైగా గుర్తింపు జరిగేసరికి మెదడు నిర్మాణం చాలావరకు పూర్తయి ఉంటుంది.

దగ్గరి ఉదాహరణ ఎలుకల్లో ఉంది. ఏడీహెచ్‌డీ లక్షణాలు తరచుగా కనిపించే ఫ్రాజైల్ ఎక్స్ రుగ్మతపై 2018లో ప్రచురించిన ప్రయోగంలో, బంగారు నానో కణాలతో క్రిస్పర్‌ను నేరుగా మెదడులోకి పంపి ఎంగ్లుఆర్5 జన్యువును తగ్గిస్తే, చేసిన పనే మళ్లీ మళ్లీ చేసే ప్రవర్తన తగ్గింది. దీన్ని ఏడీహెచ్‌డీకి రుజువుగా తీసుకోకూడదు.

హుజూర్‌నగర్, తెలుగు ప్రాంతం

2016 అక్టోబరు 11న ఏర్పడిన సూర్యాపేట జిల్లాలోని హుజూర్‌నగర్ నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో వరి పండే ఊరు. ఇక్కడికి జన్యు సవరణ చికిత్సగా కంటే విత్తన రూపంలోనే ముందుగా చేరవచ్చు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ సాంబ మసూరిలో సీకేఎక్స్2 అనే ఒక్క జన్యువును సవరించి రూపొందించిన డీఆర్‌ఆర్ ధాన్ 100 (కమల) రకాన్ని 2025 మే 4న ప్రకటించారు. సుమారు 20 రోజులు ముందుగా కోతకొస్తుందని అధికారుల మాట. పరీక్షల లెక్కలపై అభ్యంతరాలూ వచ్చాయి.

సూర్యాపేట కూడా ఒకప్పుడు భాగమైన ఉమ్మడి నల్గొండ జిల్లా ఫ్లోరైడ్ నీటికీ ఏడీహెచ్‌డీకీ ముడిపెట్టే వాదన వినిపిస్తుంది. విదేశీ అధ్యయనాలు కొన్ని సంబంధం చూపాయి, కొన్ని చూపలేదు.

తెలుగు ప్రాంతంలో జన్యు చికిత్సకు గట్టి ఆధారం ఏకజన్యు వ్యాధుల్లో ఉంది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన తంగరాజ్ పాల్గొన్న 2017 అధ్యయనం, తరతరాలుగా తమలో తామే వియ్యమందుకునే సమూహాల్లో అరుదైన జన్యు లోపాలు పేరుకుంటాయని చూపింది. వైశ్యుల్లో కొందరికి మత్తు ఇచ్చేటప్పుడు వాడే కండరాల సడలింపు మందు పడకపోవడం అందులో ఒక ఉదాహరణ. ఒక లోపానికి ఒక జన్యువు ఉన్నచోటే సవరణకు గురి దొరుకుతుంది.

అండం, వీర్యం, పిండాల్లో మార్పులు చేసి బిడ్డను కనడాన్ని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2019 మార్గదర్శకాలు అనుమతించవు. కాబట్టి పుట్టకముందే ఏడీహెచ్‌డీని సరిచేస్తామనే ప్రచారాన్ని ఇక్కడి తల్లిదండ్రులు నమ్మకూడదు.

అందుబాటులో ఉన్నది వేరే దారి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 18 ఏళ్లలోపు పిల్లల్లో పరీక్షించే 30 సమస్యల్లో ఏడీహెచ్‌డీ ఉంది. సంచార వైద్య బృందాలు బడులకూ అంగన్‌వాడీలకూ వెళ్లి, అనుమానం ఉన్నవారిని జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపాలి. కుదురు లేదని, మొండివాడని బడిలో దెబ్బలు తినే పిల్లవాడికి ఈ ఒక్క గుర్తింపు చాలా మేలు చేస్తుంది. తల్లిదండ్రులకు శిక్షణ, ప్రవర్తన చికిత్స, అవసరమైతే మిథైల్‌ఫెనిడేట్ లేదా ఆటమోక్సెటిన్ నేటి వైద్యం. మిథైల్‌ఫెనిడేట్ మాదకద్రవ్యాల చట్టం పరిధిలోని మందు కావడంతో ప్రతి దుకాణంలో దొరకదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఏడీహెచ్‌డీకి విడిగా చోటు లేదు.