పిపీలికామ్లము - ఉదజని

మామిడిచెట్ల ఆకులను కూర్చి గూళ్లు కట్టెడి ఎఱ్ఱచీమలు మీద పడినప్పుడు చర్మము మండుటకు వాని యొడలిలోని పులుసే కారణము. చీమల నుండి ఇట్టి ఆమ్లము దీయవచ్చునని 1671లో ఇంగ్లండు దేశీయుడగు జాన్ రే రాయల్ సొసైటీవారికి తెలియజేసెను. లాటినులో చీమను ఫార్మికా యందురు గావున దీనికి ఫార్మిక్ ఆమ్లమని పేరు వచ్చెను. మన పిపీలికామ్లమును అదియే. ఇందు దాగియున్న ఉదజని, అనగా హైడ్రోజన్, ఇంధనముగా నెట్లు వెలికి వచ్చినదో చెప్పదలచితిమి.

ఉదజని మండినచో నీరే మిగులును. పొగ లేదు, మసి లేదు. కాని దానిని నిలువ చేయుట దుస్తరము. మిక్కిలి యొత్తిడిలో దట్టమైన లోహపాత్రల బంధింపవలెను. ఫార్మిక్ ఆమ్లమో, ద్రవము. దాని లీటరులో 53 గ్రాముల ఉదజని యున్నది. వాయువుగా విడిచినచో నది సుమారు 600 లీటర్ల చోటు నాక్రమించును.

చిక్కంతయు దానిని విడదీయుటలోనే యున్నది. ఈ యామ్లము రెండు విధముల విడిపోవును. ఒక త్రోవన ఉదజనియు బొగ్గుపులుసు వాయువును కలుగును; వేరొక త్రోవన నీరును, కార్బన్ మొనాక్సైడ్ అను విషవాయువును కలుగును. ఈ విషము ఉదజనితో విద్యుత్తు పుట్టించు యంత్రములలోని ప్లాటినమును సైతము చెఱచును. కావున త్వరపెట్టుట చాలదు, త్రోవ నెన్నుకొనవలెను. కాలువ గట్టున రైతు ఏ మడవ తీసిన నీరు ఆ పొలమునకే పాఱును గదా! అట్టి మడవయే ఉత్ప్రేరకము. తాను వ్యయము గాక మార్పును నడపునది.

1823లో జర్మనీ దేశీయుడగు డోబెరైనర్ ప్లాటినపు పొడి సోకగానే ఉదజని గాలిలో అంటుకొనుట చూపెను. 1835లో స్వీడను పండితుడగు బెర్జీలియస్ ఇట్టి శక్తికి 'కెటాలిసిస్' అని పేరిడెను. ఇరువదియవ శతాబ్దారంభమున ఫ్రాన్సులో సబాత్యే, ఫార్మిక్ ఆమ్లపు టావిరిని పలు పదార్థములపై బంపి, కొన్ని లోహములు ఉదజనిని, కొన్ని ఆక్సైడులు నీటిని పుట్టించునని కనుగొనెను. త్రోవ పదార్థమును బట్టి మాఱునని యిట్లు తేలినది.

1967లో కాఫీ అను నాంగ్లేయ రసాయనజ్ఞుడు ద్రవములో కరగు ఇరిడియపు సమ్మేళనముతో ఉదజని దీసెను. పిదప నలువదేండ్లు ఈ విషయమున విశేషాదరము లేకపోయెను. 2008లో జర్మనీయందు బెల్లర్, స్విట్జర్లండునందు లారెన్సీ తమ సహచరులతో వేర్వేఱుగా రుథేనియముతో ఈ మార్గమును తిరిగి తెఱచిరి. ఇరిడియము, రుథేనియము మిక్కిలి యరుదగు లోహములు. 2011లో బెల్లర్ బృందమువారు మన కొడవలిలోని యినుమునే, భాస్వరముగల యొక సమ్మేళనముతో జతపఱచి, 80 డిగ్రీల వేడిమిలో వినియోగించిరి. ఒక్కొక్క యినుప పరమాణువు సగటున సుమారు 92,000 ఆమ్లపు టణువులను విడదీసెను!

ఐనను ఒక్క ప్రశ్న మిగిలినది. ఈ యామ్లము ఎక్కడినుండి వచ్చినది? నేటి కర్మాగారములయందు దాని నెక్కువగా కార్బన్ మొనాక్సైడు నుండియే చేయుచున్నారు. ఆ వాయువు భూగర్భపు టింధనములనుండి వచ్చుచున్నది. ఆ విధముగా చేసి, పిమ్మట ఉదజనిని దీసి, పొగ లేదని సంతసించుట, పొయ్యిని పొరుగింటికి మార్చి మన వంటయిల్లు శుభ్రమైనదని చెప్పుకొనుట వంటిది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి, సూర్యరశ్మి వలననో వాయువేగము వలననో కలిగిన విద్యుత్తుతో నీటి నుండి ఉదజనిని దీసి, ఆ రెంటిని కలిపి యామ్లము చేసిననే లెక్క సరిపోవును. అందులకును ఉత్ప్రేరకములే కావలెను. విడదీయు విద్య కొంతవఱకు చేతికి వచ్చినది. చౌకగా కూర్చు విద్య యింకను రావలసియున్నది.