పదింట ఒకటి

పదింట ఒకటి ఎంతయని పసివాడైనను చెప్పును. గణనయంత్రమునకు మాత్రము అది సులభము కాదు. సున్న, ఒకట్లతో మాత్రమే వ్రాయునపుడు 0.1 అంతులేక సాగును. అమెరికా వారి పేట్రియట్ క్షిపణి యంత్రము కాలమును సెకనులో పదింట ఒక వంతు చొప్పున లెక్కించుచు, ఆ సంఖ్యను 24 బిట్లకు త్రుంచెడిది. నూరు గంటలు ఎడతెగక నడచుసరికి తేడా 0.34 సెకను అయ్యెను.

ప్రోగ్రాములో కొన్నిచోట్ల ఈ లెక్కను సవరించిరి. కొన్నిచోట్ల పాతదే నిలిచెను. అందుచే ఒకే కాలమునకు రెండు విలువలు ఏర్పడెను. 1991 ఫిబ్రవరి 25న, సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో, వచ్చుచున్న స్కడ్ క్షిపణిని యంత్రము అర కిలోమీటరుకు పైగా దూరమున వెదకెను. 28 మంది సైనికులు మరణించిరి. పూర్తిగా సవరించిన ప్రోగ్రాము మరునాడు చేరెను.