డెబియన్‌లో డిఫాల్ట్ డెస్క్‌టాప్ ఎంపిక
లినక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్ అయిన డెబియన్‌లో డిఫాల్ట్ డెస్క్‌టాప్ అంటే ఇన్‌స్టాల్ చేసేవారు ప్రత్యేకంగా ఏదీ కోరనప్పుడు కంప్యూటర్‌లోకి చేరే గ్రాఫికల్ పరిసరం. చాలాకాలంగా ఆ స్థానం గ్నోమ్‌ది. 2011 ఏప్రిల్‌లో గ్నోమ్ 3 రూపురేఖలు పూర్తిగా మారడంతో అసంతృప్తి రేగింది కానీ, 2012 ఆగస్టులో మరో డెస్క్‌టాప్ అయిన ఎక్స్‌ఎఫ్‌సీఈని డిఫాల్ట్ చేయడానికి చెప్పిన కారణం అది కాదు: మొదటి ఇన్‌స్టాలేషన్ సీడీలో గ్నోమ్‌కు చోటు చాలకపోవడం. 2013 మేలో డెబియన్ వెర్షన్ వీజీ విడుదలయ్యేనాటికి గ్నోమ్ తిరిగొచ్చింది. తర్వాతి విడుదల జెస్సీ కోసం మళ్లీ ఎక్స్‌ఎఫ్‌సీఈని పెట్టి, 2014 సెప్టెంబరులో మళ్లీ గ్నోమ్‌కే మారారు.

ఈ చివరి నిర్ణయానికి ప్రధానంగా రెండు కారణాలు చూపారు: వికలాంగులకు అందుబాటు, కంప్యూటర్ మొదలైనప్పుడు సేవలను నడిపే సిస్టమ్‌డీతో పొందిక. మొదటిదే బలమైనది. చూపులేని వ్యక్తికి ఓర్కా వంటి స్క్రీన్ రీడర్ మొదటి లాగిన్ నుంచే పలకాలి. పలకకపోతే వేరే డెస్క్‌టాప్‌ను వెతికి పెట్టుకునే దారే మూసుకుపోతుంది. గ్నోమ్ బరువెక్కువ, పాత యంత్రాలకు ఎక్స్‌ఎఫ్‌సీఈ నయమన్న అభ్యంతరం నిజమే. అయితే తేలికైనది కావాలనుకునేవారు దాన్ని ఇన్‌స్టాలర్‌లోనే ఎంచుకోగలరు: జెస్సీ నుంచి టాస్క్‌సెల్ అనే ఎంపిక తెరపై గ్నోమ్, ఎక్స్‌ఎఫ్‌సీఈ, కేడీఈ, సినమన్, మాటే, ఎల్‌ఎక్స్‌డీఈ పేర్లు వరుసగా కనిపిస్తాయి, స్పేస్ మీట నొక్కితే గుర్తు పడుతుంది. ఎంపిక ఇంత సులువైతే డిఫాల్ట్‌కు విలువేముందన్న వాదన కూడా నిలవదు. ఆ తెరను మార్చకుండా దాటేసేవారికి దక్కేది డిఫాల్టే.