చీవరకుటి, మకాం, గుడారం: బస్తరు అడవిలో ఆరుబయటి నివాసం

విశాఖపట్నం నుండి కిరందుల్ పోయే రైలుమార్గంలో జగదల్‌పూర్‌లో దిగి, చిత్రకోట జలపాతానికో కాంగేర్ లోయకో చేరి, ఏటి ఒడ్డున గుడారం వేసుకొని రాత్రి గడపడం నేటి తెలుగు యాత్రికులకు కొత్త సంగతి కాదు. ఇల్లూ వాకిలీ విడిచి, తలపై ఒక గుడ్డ మాత్రమే కప్పుగా అడవిలో నిద్రించడం నాగరికులు ఈ మధ్యనే కనుగొన్న వినోదమని చాలామంది తలుస్తారు. కాని ఈ విషయాన్ని మన దేశంలో ఎంతో సూక్ష్మంగా ఆలోచించి నియమబద్ధం చేసినవారిలో బౌద్ధ భిక్షువులు ముఖ్యులు. ఎవరు ఆరుబయట ఉండవచ్చును, ఏ ఋతువులో ఉండవచ్చును, పోయేటప్పుడు ఏమి విడిచిపోరాదు అన్న ప్రశ్నలన్నింటికీ వినయపిటకంలో సమాధానాలున్నవి. ఆ నియమాలను బస్తరు చరిత్ర ప్రక్కన ఉంచి చదవడం ఈ వ్యాసోద్దేశం.

చీవరకుటి

భిక్షువు ఆధారపడదగిన నాలుగు నిశ్రయాలలో ఒకటి వృక్షమూల శయనాసనం, అనగా చెట్టు మొదట నివాసం. ఉపసంపద పొందిన వానికి ఈ మాట తప్పక చెప్పవలెనని విధి. విహారము, గుహ మొదలైన ఐదు విధాల ఆవాసాలు తరువాత అనుమతింపబడినవి. రాజగృహ శ్రేష్ఠి ఒకే దినంలో అరవై విహారాలు కట్టించిన కథ చుల్లవగ్గంలోని శయనాసన ఖంధకంలో ఉన్నది. ఆవాసాలు వచ్చిన తరువాత కూడా ఆరుబయటి జీవనాన్ని కోరినవారి కొరకు పదమూడు ధుతాంగాలు నిలిచినవి. వాటిలో ఆరఞ్ఞికాంగం అడవిలో ఉండడం, రుక్ఖమూలికాంగం చెట్టు క్రింద ఉండడం, అబ్భోకాసికాంగం ఆకాశం క్రింద ఉండడం.

ఈ అబ్భోకాసికాంగాన్ని వివరిస్తూ 5వ శతాబ్దపు ఆచార్యుడు బుద్ధఘోషుడు విసుద్ధిమగ్గంలో చెప్పిన సంగతి మన ప్రస్తుత విషయానికి అతి సన్నిహితం. ఆ వ్రతం పట్టినవారిలో ఉత్కృష్టుడు చెట్టు నీడను గాని, కొండ అండను గాని, ఇంటి చూరును గాని ఆశ్రయించరాదు. బయలులో తన చీవరంతోనే ఒక కుటిని నిలుపుకొని అందులో ఉండవలెను. దీని పేరు చీవరకుటి. మధ్యముడు చెట్టు సమీపంలోను ఇంటి సమీపంలోను ఉండవచ్చును గాని కప్పు క్రిందికి పోరాదు. మృదువైన వానికి కొమ్మల పందిరి, పొలం కావలివారు విడిచిపోయిన గుడిసె వంటివి కూడా చెల్లును. ధర్మశ్రవణానికో ఉపోసథానికో ఇంటిలోనికి పోయినప్పుడు వాన పట్టుకొంటే తడుస్తూ బయటికి రానక్కరలేదు, వెలిసిన తరువాత రావచ్చును. వ్రతం కఠినమైనదే, కాని మూర్ఖమైనది కాదు. బుద్ధఘోషుని జన్మస్థానాన్ని తెలుగునేలపై గుర్తించిన పండితులు ఉన్నందున, ఈ పంక్తులు వ్రాసిన వానికి మన మెట్ట పొలాల మంచెలు, కావలి గుడిసెలు కళ్ళకు కట్టి ఉండవచ్చునని ఊహించుటకు అవకాశమున్నది.

ఇష్టమూ ఋతువూ

ఈ వ్రతానికి రెండు హద్దులు ఉన్నవి. మొదటిది ఇష్టం. జీవితాంతం అందరూ అడవిలోనే ఉండవలెను, చెట్టు క్రిందనే ఉండవలెను అని దేవదత్తుడు కోరినప్పుడు తథాగతుడు అంగీకరించలేదు. కోరినవాడు అడవిలో ఉండవచ్చును, కోరినవాడు గ్రామంలో ఉండవచ్చును, చెట్టు మొదట నివాసం ఎనిమిది నెలలకు అనుమతించితిని అని ఆయన సమాధానం. ఆరుబయటి జీవనం ఎంత శ్రేష్ఠమైనా, దానిని ఒకరిపై రుద్దరాదు.

రెండవది ఋతువు. మిగిలిన నాలుగు నెలలు వానాకాలం. వానలలో తిరిగే భిక్షువులు పచ్చికను త్రొక్కి చిన్న ప్రాణులను చంపుతున్నారని జనులు నిందించగా వర్షావాసం ఏర్పడినదని మహావగ్గం చెప్తున్నది. ఆ కాలంలో ఆరుబయటను, చెట్టు తొర్రలోను, కొమ్మల పంగలోను, గొడుగు క్రిందను, పెద్ద కాగులోను వర్షావాసం చేయరాదని వివరంగా నిషేధించారు. ఇన్ని పేర్లు లెక్కించి నిషేధించవలసి వచ్చినదంటే ఇవన్నీ ఎవరో ఒకరు చేసి చూచినవే అయి ఉండును. అయితే పశువుల కాపరుల మందతోను, వర్తకుల బిడారుతోను, నావలోను వర్షావాసం గడుపుటకు అనుమతి ఉన్నది. జీవనోపాధికై కదిలే ప్రజల వెంట భిక్షువు కదలవచ్చును.

అడవిలో ఉండేవాని బాధ్యతలు

ఊరి నుండి కనీసం ఐదు వందల ధనువుల దూరం, అనగా ఇంచుమించు ఒక కిలోమీటరు దూరంలో ఉన్నదే అరణ్యవాసంగా లెక్క. అంత దూరాన ఉండే భిక్షువు త్రాగునీరు, వాడుకనీరు, నిప్పు, నిప్పు పుట్టించే అరణి, చేతికర్ర సిద్ధంగా ఉంచుకోవలెను. నక్షత్రాల గతిని, దిక్కులను ఎరిగి ఉండవలెను. ఈ నియమానికి మూలమైన కథ చుల్లవగ్గంలో ఉన్నది. దొంగలు కొందరు అరణ్యవాసుల వద్దకు వచ్చి నీరు ఉన్నదా, నిప్పు ఉన్నదా, నేటి నక్షత్రం ఏది, ఇది ఏ దిక్కు అని అడుగగా ఆ భిక్షువులు అన్నింటికీ లేదనీ తెలియదనీ చెప్పిరట. ఇవేవీ లేనివారు భిక్షువులు కారు, వీరే దొంగలు అని ఆ దొంగలు వారిని కొట్టిపోయిరి. ఏర్పాటు లేకుండా అడవిలో చేరినవాడు అతిథులకు ఆదరువు కాలేడు, తానే అనుమానపాత్రుడగును.

ఇతర నియమాలు నేలకు, నీటికి సంబంధించినవి. మొక్కను నరకరాదు, నేల త్రవ్వరాదు, ప్రాణులున్న నీటిని వడకట్టక వాడరాదు, పచ్చికపైన గాని నీటిలో గాని మలమూత్ర విసర్జన చేయరాదు. చలి కాచుకొనుటకు ఊరకే మంట వేయరాదు. ఒకసారి బోలు దుంగను తగులబెట్టగా అందులోని పాము బయటికి వచ్చి భిక్షువుల వెంటబడినదని దాని కథ. ఆరుబయట వేసుకొన్న మంచం, పరుపు, చాప వంటి సంఘవస్తువులను తీసి సర్దకుండా వెళ్ళిపోరాదు. పాటిదేసనీయాలలో మరియొక నియమం ఉన్నది: ప్రమాదకరమైన అరణ్యంలో నివసించేవాడు, తనకు ఆహారం తెచ్చే గృహస్థులకు ఆ ప్రమాదాన్ని ముందుగా తెలుపక అక్కడే దానం స్వీకరించరాదు. అన్నం తెస్తున్న శాక్య స్త్రీలు దారిలో దోపిడికి గురి అయిన పిమ్మట ఈ నియమం పుట్టినది.

దండకారణ్యపు దారి

బస్తరుకు ఈ సంప్రదాయంతో సంబంధం ఊహామాత్రం కాదు. నేటి కొండగావ్ జిల్లాలో, పూర్వపు బస్తరు భూమిలోని భోంగాపాల్ వద్ద ఇటుకలతో కట్టిన చైత్యగృహ శిథిలాలు, బుద్ధ విగ్రహం బయటపడినవి. నల వంశపు రాజులు ఈ ప్రాంతాన్ని ఏలిన 5, 6 శతాబ్దాలకు చెందినవిగా వాటిని భావిస్తున్నారు. దట్టమైన అడవిలో చైత్యం ఉన్నదంటే దానిని చేరుటకు దారి ఉండవలెను, ఆ దారిలో రాత్రులు గడపవలెను. 7వ శతాబ్దంలో హ్యూన్‌త్సాంగ్ దక్షిణ కోసలం నుండి అడవి గుండా దక్షిణంగా 900 లీలకు పైగా నడిచి ఆంధ్రదేశం చేరినట్లు వ్రాసుకొన్నాడు. ఏ లెక్కన చూచినా అది చాలా దూరమే. శ్రీపురం, అనగా నేటి సిర్పూర్, ప్రాంతం నుండి వేంగి వైపు దక్షిణానికి వచ్చే ఎవరికైనా దండకారణ్యం ఎదురుపడును. దారి పొడవునా విహారాలు ఉండే అవకాశం లేదు కనుక చెట్టు మొదలు, పల్లె అరుగు, వర్తకుల విడిది ఇవే నివాసాలు.

అధికారి మకాం

కాలక్రమంలో ఈ అడవికి మరొక విధమైన గుడారం వచ్చినది. 1795లో కెప్టెన్ బ్లంట్ అనే ఈస్టిండియా కంపెనీ అధికారి చునార్ నుండి ఏలూరు సర్కారుకు దారి కనుగొనుటకు బయలుదేరి, బస్తరు గుండా పోలేక గోదావరి వైపు తొలగి పోవలసి వచ్చినది. 1862లో ఎగువ గోదావరి జిల్లా అధికారి గ్లాస్‌ఫర్డ్ బస్తరు సంస్థానంపై నివేదిక సమర్పించాడు. కొలత గొలుసు, పటం, గుడారం ఒకదాని వెంట ఒకటి వచ్చినవి.

అధికారి మకాం వేసిన చోటికి ఊరివారు సామగ్రి మోయవలెను, కోళ్ళు, ధాన్యం, కట్టెలు ఉచితంగా తేవలెను. ఇదే వెట్టి. 1905లో ప్రభుత్వం బస్తరు అడవిలో మూడింట రెండు వంతులను రక్షితవనంగా చేయుటకు, పోడు వ్యవసాయం, వేట, ఫలసేకరణ ఆపుటకు ప్రతిపాదించినది. 1899–1900లోను, 1907–08లోను వచ్చిన కరవులు దీనికి తోడైనవి. రిజర్వు మొదట అమలైన కాంగేర్ అడవిలోని ధుర్వాలే ముందుగా కదలినారు. 1910లో మామిడి కొమ్మ, మట్టిగడ్డ, మిరపకాయలు, బాణాలు ఊరి నుండి ఊరికి పంపబడినవి. నేతానార్ గ్రామస్థుడైన గుండా ధూర్ పేరు ఈ భూమ్‌కాల్‌తో విడదీయరానిదైనది. ప్రభుత్వ సైన్యం దానిని అణచుటకు ఫిబ్రవరి నుండి మే వరకు పట్టినది. ఆపై రిజర్వు చేయదలచిన విస్తీర్ణాన్ని సుమారు సగానికి తగ్గించారు.

ఆ పోరాటం వెనుక ఒక స్పష్టమైన ధర్మం ఉన్నది. ప్రతి ఊరికి దాని నేలను భూమాతయే ఇచ్చినదని బస్తరు ప్రజల విశ్వాసం. ఒక ఊరివారు మరొక ఊరి అడవిలో కలప తీసుకోదలిస్తే దేవ్‌సారి, దండ్ లేక మాన్ అనే చిన్న రుసుము చెల్లించేవారు. అంటే అడవి యజమాని లేని బయలు కాదు. అడిగి, చెల్లించి, హద్దు గుర్తెరిగి ప్రవేశించవలసిన ఇల్లు.

నేటి గుడారం

1982లో కాంగేర్ లోయ జాతీయ ఉద్యానమైనది. దాని విస్తీర్ణం 200 చదరపు కిలోమీటర్లు. కుటుంసర్ గుహలోనికి వానాకాలంలో నీరు చేరును గనుక ఆ నెలలలో ప్రవేశం మూసివేస్తారు. కారణం వేరైనా వర్షావాసపు వివేకం ఇందులోను కనిపించును. ఉద్యానంలోని ధుడ్‌మారస్ గ్రామాన్ని ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2024లో తన ఉత్తమ పర్యాటక గ్రామాల అభివృద్ధి కార్యక్రమానికి ఎన్నుకొన్నది. అక్కడ అతిథులను చేర్చుకొనేవారు, వెదురు తెప్పలు నడిపేవారు ధుర్వాలే. వారి భాష పర్జీ ద్రావిడ కుటుంబంలో తెలుగుకు బంధువు. 1910లో ఏ అడవికై వారి తాతలు నిలిచినారో ఆ అడవిలోనే నేడు మనుమలు యాత్రికునికి చోటు చూపుతున్నారు. వెట్టి లేదు, రుసుము ఉన్నది, అది ఊరికి చేరుతున్నది. దేవ్‌సారి నీతికి ఇది దగ్గర.

అయినా ఇదే నేలపై ‘శిబిరం’ అనే మాటకు మరొక చరిత్ర కూడా ఉన్నది. 2005 తరువాత సల్వా జుడుం కాలంలో దక్షిణ బస్తరులోని ఊళ్ళను ఖాళీ చేయించి వేలాది మందిని రహదారి ప్రక్క శిబిరాలలో ఉంచారు. మరి కొన్ని వేలమంది సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం, తూర్పుగోదావరి జిల్లాల అడవులలో గుడిసెలు వేసుకొన్నారు. 2011లో సుప్రీంకోర్టు ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసులుగా సాయుధులను చేయడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పినది. కాని వలస వచ్చిన కుటుంబాలలో అనేకం తెలుగు నేలపైనే ఉండిపోయినవి. అక్కడ కూడా రక్షితవనంలో ఉన్నవన్న కారణంతో వారి గుడిసెలను పలుమార్లు తొలగించారు. దేవదత్తునికి తథాగతుడు ఇచ్చిన సమాధానం ఇక్కడ తన పూర్తి బరువుతో గుర్తుకు వచ్చును. కోరి చెట్టు క్రింద పడుకొన్న వానికి అది వ్రతం. ఇల్లు పోయి చెట్టు క్రింద పడుకొన్న వానికి అది దుఃఖం. కప్పిన గుడ్డ ఒకటే కావచ్చును, రెండు రాత్రులూ ఒకటి కావు.

భోంగాపాల్ దర్శించి, కాంగేర్ ఒడ్డున ఒక రాత్రి గడపదలచిన బౌద్ధాభిమానులకు వినయపిటకమే తగిన మార్గదర్శి. వానలు వెలిసిన తరువాత పోవలెను. ఊరివారిని అడిగి, వారు చూపిన చోటనే దిగి, వారు చెప్పిన రుసుము చెల్లించవలెను. నీరు, దీపం, దిక్కుల జ్ఞానం తమవెంట తీసుకొని పోవలెను గాని ఊరి చెలమపై, ఊరి కట్టెలపై భారం మోపరాదు. ఏటి నీటిని, పచ్చికను మలినం చేయరాదు. బయలుదేరే ముందు పరచినదంతా ఎత్తి సర్దవలెను. భోజనం తెచ్చే పల్లె స్త్రీ చీకటి పడకముందే క్షేమంగా ఇల్లు చేరినదా అని విచారించుట కూడా యాత్రికుని ధర్మమే.